వారం వంటల ప్లాన్ ఏఐ చాట్‌బాట్‌తో: ఇంటి చీటీ నుంచి సరుకుల చీటీ దాకా

"వారం మెనూ ఫోన్‌తోనే వేయించుకుంటున్నా" అని ఒకసారి నోరు జారినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. "మేం అడిగితే ఓట్స్ ఉప్మా, పాలక్ పనీర్, క్వినోవా సలాడ్ అంటోంది. మీకు పప్పుచారు, పులిబొంగరాలు ఎట్లా వస్తున్నాయి?"

తేడా యాప్‌లో లేదు. చాట్‌జీపీటీ, జెమినీ, వాట్సాప్‌లో వచ్చే మెటా ఏఐ, ఏది తీసుకున్నా తెలుగు అర్థం చేసుకుంటుంది. డబ్బులు కట్టే ప్లాన్ కూడా అక్కర్లేదు. మన ఇల్లు ఎట్లాంటిదో దానికి తెలియదు, మనం చెప్పం. అందుకే ఈ పనిలో ముప్పావు వంతు మొదటి మూడు మెట్లలోనే ఉంది. అవి దాటేసి నాలుగో మెట్టుకు దూకితే మళ్లీ క్వినోవానే వస్తుంది.

1. ఫోన్ తీసే ముందు ఫ్రిజ్ తీయండి

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పది నిమిషాలు చాలు. ఒక కాగితం మీద మూడు వరుసలు రాయండి.

- వెంటనే వాడాల్సినవి: వాడిపోతున్న తోటకూర, సగం కోసిన సొరకాయ, పులిసిన పెరుగు.
- వారం ఆగేవి: ఉర్లగడ్డలు, కంద, గుమ్మడికాయ, గుడ్లు.
- డబ్బాల్లో అడుగంటినవి: కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు.

ఫ్రిజ్ ఫొటో తీసి పంపితే అదే గుర్తుపడుతుంది కదా అంటారు. కొంత గుర్తుపడుతుంది. స్టీలు గిన్నెలో మూతపెట్టిన పిండి, కవర్లో చుట్టిన గోంగూర దానికి కనపడవు. చేత్తో రాసుకోవడమే మేలు.

2. ఇంటి చీటీ రాయండి

అసలు పని ఇదే. ఒక్కసారి అరగంట కూర్చుని రాస్తే ఏడాది పనికొస్తుంది. ఇందులో మీ ఇష్టాలకంటే మీ అడ్డంకులు ముఖ్యం. "హెల్దీగా, టేస్టీగా" అన్న రెండు మాటలు రాయొద్దు. వాటివల్లే ఓట్స్ వస్తుంది.

మా చీటీ ఇట్లా ఉంటుంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"మేము నెల్లూరులో ఉంటాం. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆయన, అత్త (68 ఏళ్లు, షుగర్, మాత్రలు వాడుతోంది), పాప (14), బాబు (8). శనివారం ఇంట్లో నీసు వండం, గుడ్డు కూడా ఉండదు. సోమవారం రాత్రి అత్త అన్నం తినదు, టిఫినే. బాబు వంకాయ ముట్టుకోడు. పొద్దున 6 నుంచి 7:30 లోపల టిఫిన్, మూడు క్యారేజీలు అయిపోవాలి. క్యారేజీలో కారిపోయే పులుసు పెట్టను. రెండు బర్నర్ల పొయ్యి, రెండు కుక్కర్లు, మిక్సీ, గ్రైండర్ ఉన్నాయి. ఓవెన్ లేదు. మధ్యాహ్నం అన్నం తప్పదు. మజ్జిగ లేక పెరుగు రోజూ ఉంటుంది. కూరగాయలకు, పండ్లకు వారానికి 1,200 రూపాయలు. ఆదివారం రైతుబజారుకు ఒక్కసారే వెళతాను, బుధవారం ఇంటి ముందుకొచ్చే బండి దగ్గర ఆకుకూర తీసుకుంటాను. పనీర్, పుట్టగొడుగులు, ఓట్స్, బ్రోకలీ వద్దు."

చివరి వాక్యం చిన్నదే, కానీ వద్దన్నవి పేర్లతో సహా చెప్పకపోతే ఏదో ఒక రోజు దూరిపోతాయి.

మీ ఊరిని బట్టి మరో మూడు వాక్యాలు కలపాలి. కనిగిరి, మార్కాపురం వైపు వాళ్లు "సజ్జలు, జొన్నలు, కొర్రలు ఇంట్లో ఉంటాయి, సంగటి, రొట్టె, కొర్రన్నం చేస్తాం" అని వంటల పేర్లతో రాయండి. ఉత్తినే మిల్లెట్స్ అంటే కిచిడీ, ఉప్మా దగ్గరే తిరుగుతుంది. ఒంగోలు, కొత్తపట్నం, మైపాడు వైపు వాళ్లు చేపలు వారానికి ఎన్నిసార్లు, ఏ రోజు అన్నది రాయాలి. మాల వేసుకున్నవాళ్లు ఉంటే ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేని వంట అని తేదీలతో సహా చెప్పాలి.

రాయకూడనివి కూడా ఉన్నాయి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆసుపత్రి రిపోర్టుల ఫొటోలు పెట్టొద్దు. "అత్త, 68, షుగర్" చాలు, మెనూకి అంతకంటే పనిలేదు.

ఈ చీటీని వాట్సాప్‌లో మీ నంబరుకే మీరు పంపుకుని దాచుకోండి. కొత్త చాట్ తెరిస్తే పాత మాటలు దానికి గుర్తుంటాయన్న భరోసా లేదు. ప్రతిసారీ చీటీ అతికించి మొదలుపెట్టడం అలవాటు చేసుకుంటే టెన్షన్ ఉండదు. టైప్ చేయడం కష్టమైతే కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పేయండి. తప్పులు పడినా అర్థం చేసుకుంటుంది.

3. మాటలు, కొలతలు ముందే తేల్చుకోండి

మన కూరగాయల పేర్లతో వచ్చే తంటా ఇంతా అంతా కాదు. నేను మొదట్లో "ఎర్రగడ్డలు రెండు కిలోలు ఉన్నాయి" అని రాస్తే, బీట్‌రూట్ అనుకుని వారమంతా బీట్‌రూట్ వేపుడు, బీట్‌రూట్ పచ్చడి, బీట్‌రూట్ రైతా ఇచ్చింది. (హైదరాబాదులో ఆ పేరుతో ఒక పేటే ఉంది, అది రాలేదు, నయం.) అప్పటి నుంచి చీటీ కింద చిన్న నిఘంటువు పెట్టాను:

- ఎర్రగడ్డ = ఉల్లిపాయ
- తెల్లగడ్డ = వెల్లుల్లి
- ఉర్లగడ్డ = బంగాళాదుంప
- మటిక్కాయలు = గోరుచిక్కుడు
- చెనక్కాయలు = వేరుశనగ
- సొరకాయ = ఆనపకాయ (అనపగింజలు వేరు, కలపొద్దు)

కొలతల విషయం ఇంకా ముఖ్యం. అది "కప్పు" అంటే చాలాసార్లు 240 మిల్లీలీటర్ల అమెరికా కప్పు. మన రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, దానికి బియ్యం దాదాపు 150 గ్రాములు పడతాయి. నాలుగు కప్పుల దగ్గరకొచ్చేసరికి తేడా దాదాపు ఇద్దరి తిండి. "కప్పులు వద్దు, గ్రాములే చెప్పు. మా ఐదుగురికి ఒక పూటకు 450 గ్రాముల బియ్యం సరిపోతుంది" అని మీ లెక్క మీరే ఇవ్వండి. ఎవరింట్లో ఎంత తింటారో దానికేం తెలుసు? మొలగొలుకుల బియ్యం తినే ఇంటికీ సన్నబియ్యం తినే ఇంటికీ లెక్క ఒకటి కాదు.

4. మొదట చట్రం అడగండి, మెనూ కాదు

చాలామంది చేసే తప్పు ఇక్కడే. చీటీ అతికించి "ఏడు రోజుల మెనూ ఇవ్వు" అంటారు. అది ఒక్కసారే ఇరవై ఒక్క పూటలు గుమ్మరిస్తుంది. చదివేలోపే విసుగొస్తుంది, దిద్దడం మానేస్తారు.

ముందు ఇట్లా అడగండి:

"వంటల పేర్లు ఇప్పుడే వద్దు. ఏడు రోజులకు ఏ పూట ఏ రకం అన్నది మాత్రం పట్టికలా ఇవ్వు. ఉదాహరణకు: పప్పు రోజు, పులుసు రోజు, వేపుడు రోజు, నీసు రోజు. నీసు వారానికి రెండుసార్లు, గుడ్డు ఒకసారి. ఆకుకూర కనీసం మూడుసార్లు. ఆదివారం రాత్రి మిగిలింది తినడమే."

ఇది ఒక చూపులో చూడగలిగేంత చిన్నది. ఇక్కడే రోజులు సర్దుకోండి. మా ఇంట్లో ఆదివారం చేపల పులుసు. అది మరుసటి రోజు దోశలోకి ఇంకా బాగుంటుందని తెలిసిందే. సోమవారం కూడా నీసు తినని ఇంట్లో ఆదివారం ఎక్కువ వండకూడదు, లేదా పులుసు శుక్రవారానికి... కాదు, శుక్రవారమైనా ఇబ్బందే, మిగిలింది శనివారానికి పనికిరాదు. ఇట్లాంటి లెక్క మనమే వేయాలి.

5. వంటలు నింపించడం, దిద్దించడం

చట్రం కుదిరాక ఒకేసారి మూడు రోజులకే వంటలు అడగండి. సోమ, మంగళ, బుధ. అవి సరిపోయాక మిగతావి.

పిండి సంగతి మీరే చెప్పండి. మనకు ఇది పుట్టుకతో తెలుసు, దానికి తెలియదు: ఆదివారం రుబ్బిన పిండి సోమవారం ఇడ్లీ, మంగళవారం దోశ, బుధవారానికి పులుపెక్కి పులిబొంగరాలు. చెప్పకపోతే సోమవారం దోశ, గురువారం ఇడ్లీ అని రాస్తుంది. మే నెలలో నెల్లూరు ఎండకి నాలుగో రోజు పిండితో ఇడ్లీ అంటే ఆ ప్లాన్ చింపేయొచ్చు.

మొన్న మాకు మొదట వచ్చిన మూడు రోజులు ఇవి:

- సోమ: ఇడ్లీ, చట్నీ. మధ్యాహ్నం సొరకాయ కూర, రసం. రాత్రి చపాతీ, ఉర్లగడ్డ కూర.
- మంగళ: దోశ. మధ్యాహ్నం సొరకాయ పప్పు, అప్పడం. రాత్రి గుడ్డు పులుసు, అన్నం.
- బుధ: పులిబొంగరాలు. మధ్యాహ్నం గుత్తివంకాయ, పెరుగు. రాత్రి పులిహోర.

చూడ్డానికి బాగానే ఉంది. కానీ నాలుగు తప్పులున్నాయి. సొరకాయ రెండు రోజులు వరసగా. వంకాయ మధ్యాహ్నం పెట్టి బాబుకి వేరే ఏమీ చెప్పలేదు. బుధవారం పొద్దున నూనెలో వేసినవి, మధ్యాహ్నం గుత్తివంకాయ, రాత్రి పులిహోర: ఒకే రోజు అంత నూనె. పైగా అత్తకి రాత్రి పులిహోర అంటే అన్నం తప్ప పక్కన ఏమీ లేదు.

దిద్దమనేటప్పుడు "బాలేదు, మార్చు" అంటే మొత్తం తిరగరాసి బాగున్న ఇడ్లీని కూడా తీసేస్తుంది. కారణం చెప్పాలి, కదిలించకూడనిది చెప్పాలి. నేను పంపింది ఇది:

"మంగళవారం మధ్యాహ్నం సొరకాయ తీసి తోటకూర పప్పు పెట్టు, క్యారేజీకి మటిక్కాయల వేపుడు కలుపు. బుధవారం మధ్యాహ్నం వంకాయ ఉండనీ, బాబు క్యారేజీకి ముందురోజు కూరగాయతోనే ఇంకోటి చెప్పు. బుధవారం రాత్రి నూనె తక్కువ ఉండాలి, అత్తకు అన్నం తక్కువ, పప్పు లేదా గింజలు ఎక్కువ ఉండాలి. మిగతావేవీ కదిలించొద్దు."

తర్వాత వచ్చినదాంట్లో బుధవారం రాత్రి అలసందల కూర, చపాతీ, మజ్జిగ వచ్చాయి. బాబుకి మటిక్కాయలే కొబ్బరి వేసి మళ్లీ. అది వాడికి నచ్చలేదు కానీ తిన్నాడు.

"మిగతావేవీ కదిలించొద్దు" అన్న రెండు మాటలూ ఫోన్ కీబోర్డులో షార్ట్‌కట్ పెట్టుకోదగ్గవి.

ఇంకో మాట. "ఈ మెనూ బాగుందా?" అని దాన్నే అడగొద్దు. బ్రహ్మాండం అంటుంది. "మా చీటీలో ఏ నియమం ఏ రోజు తప్పింది? రోజుల వారీగా చూపించు" అని అడిగితే కొన్ని తప్పులు అదే పట్టుకుంటుంది. మిగతావి మీ కంటితో చూడాలి:

- శనివారం గుడ్డు, చేప, ఎండురొయ్యల పొడి ఏమైనా దూరాయా?
- పడని పదార్థం చట్నీలో, పొడిలో దాక్కుందా?
- పొద్దున 7:30 లోపల అయ్యే పనేనా, రెండు బర్నర్ల మీద?
- వరసగా రెండు రోజులు ఒకే కాయ ఉందా?
- ఫ్రిజ్‌లో వాడిపోతున్నవి సోమ, మంగళవారాల్లోనే అయిపోతున్నాయా?

చేపల పులుసు ఎట్లా చేయాలో మాత్రం అడగకండి. అడిగితే చెబుతుంది, అందులో అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా ఉంటాయి, మామిడికాయ ముక్క ఉండదు. వండే పద్ధతి మీ అమ్మనో అత్తనో అడగండి. బాట్‌తో పని ఏ రోజు ఏమిటి అన్నంతవరకే.

6. ముందురోజు పనుల వరుస

మెనూ చక్కగా ఉండి కూడా బుధవారానికి చెడిపోయేది నానబెట్టడం మర్చిపోవడం వల్ల. అలసందలు, శనగలు రాత్రే నానాలి. ఇడ్లీ పిండికి మినప్పప్పు నాలుగు గంటలు నాని, రుబ్బి, రాత్రంతా పొంగాలి. అందుకే మెనూ ఖాయం కాగానే ఇది అడగండి:

"ప్రతి రోజుకూ 'ముందురోజు రాత్రి 9 గంటలకు చేయాల్సినవి' అని ఒక వరుస ఇవ్వు. నానబెట్టడం, రుబ్బడం, తోడుపెట్టడం, కూరగాయలు కోసిపెట్టడం మాత్రమే."

దాన్ని కాగితం మీద ఎక్కించి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఫోన్‌లో ఉంటే మీరొక్కరే చూస్తారు. తలుపు మీద ఉంటే "అలసందలు నానబెట్టారా?" అని మా పాపే అడుగుతోంది.

7. సరుకుల చీటీ

ఇక్కడ బాగా జాగ్రత్త. బాట్‌కి మాటలు వచ్చినంత బాగా కూడికలు రావు. నాకు ఒక వారం ఐదుగురికి ఎర్రగడ్డలు అర కిలో, కొత్తిమీర అర కిలో అని ఇచ్చింది. అర కిలో ఎర్రగడ్డలు మాకు రెండు రోజులు రావు. అర కిలో కొత్తిమీరతో పెళ్లి చేయొచ్చు.

వరుస ఇది:

- మొత్తం అడిగే ముందు "ఏ రోజు ఏ కూరకు ఎంత" అని విడివిడిగా రాయించండి.
- తర్వాత కూడమనండి. పెద్దవి (ఎర్రగడ్డలు, టమాటాలు, పప్పు, నూనె) మీరు క్యాలిక్యులేటర్‌లో ఒకసారి చూడండి.
- మొదటి మెట్టులో రాసిన ఇంట్లో ఉన్నవాటిని తీసేయమనండి.
- రైతుబజారు, కిరాణా, బుధవారం బండి అని మూడు ముక్కలు చేయించండి.

ధరలు అడగొద్దు. ఈ రోజు ఫతేఖాన్‌పేట రైతుబజారులో టమాటా ఎంతో దానికి తెలియదు, తెలిసినట్టు మాత్రం చెబుతుంది. బజారులో బోర్డు చూసి మీరే చెప్పండి: "టమాటా ఇవాళ ఎక్కువుంది, కిలోకి మించి కొనను, టమాటా వంటలు రెండు మార్చు." ఇది మాత్రం చక్కగా చేస్తుంది.

కాలం సంగతీ మీరే చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో వంజరం, చందువ అని మెనూలో వస్తే దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. "సముద్రం చేప వద్దు, చెరువు చేపే: బొచ్చె, రాగండి, కొర్రమీను, లేకపోతే చెరువు రొయ్యలు" అని రాయండి. అట్లాగే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పడితే మూడు రోజులు బజారు మొహం చూడలేం. ఆ నెలల్లో "కూరగాయలు లేకుండా మూడు రోజులు నడిచే వాన మెనూ" ఒకటి ముందే వేయించి దాచుకోండి. ముద్దపప్పు, ఊరమిరపకాయలు, వడియాలు, చింతపండు పచ్చిపులుసు, గుడ్లు, ఎండుచేపలు. మాకు పోయిన వానలకి అదే ఆదుకుంది.

8. మందులు వాడేవాళ్లు ఉంటే

నియమాలు డాక్టరు దగ్గర తీసుకుని బాట్‌కి చెప్పండి. బాట్ దగ్గర తీసుకుని డాక్టరుకి చెప్పకండి.

- షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు పూట మానేసే ప్లాన్, ఉపవాసం ప్లాన్ ఇస్తే డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు. షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.
- రక్తం పలచబడే వార్‌ఫరిన్ మాత్ర వాడేవాళ్లకు ఆకుకూరలు ఒక వారం బాగా ఎక్కువ, ఒక వారం అసలు లేకుండా రాకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది.
- కిడ్నీ జబ్బు ఉంటే కొబ్బరినీళ్లు, అరటిపండు, 'తక్కువ సోడియం ఉప్పు' లాంటివి ఆరోగ్యం పేరుతో మెనూలోకి వస్తాయి. వాటిలో పొటాషియం ఎక్కువ. డాక్టరు సరేనంటేనే.
- ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ వద్దు.

బాట్ చెప్పే క్యాలరీల లెక్కలు నేను పట్టించుకోను. పప్పుచారు ఒక ఇంట్లో ఉన్నట్టు ఇంకో ఇంట్లో ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి ఒక మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ఉప్పు 5 గ్రాముల లోపు అన్నారు. "ఈ మెనూలో మనిషికి రోజుకి కూరగాయలు ఎన్ని గ్రాములు వస్తున్నాయి?" అని అడిగి చూడండి. మాకు మొదటి నెల సగం కూడా రాలేదు.

9. తరచూ వచ్చే తప్పులు

*అన్నీ ఉత్తరాది వంటలే వస్తున్నాయి.* మీ ఇంట్లో నిజంగా వండే నలభై వంటల పేర్లు ఒక జాబితా రాసి "ఇందులోంచే ఎంచు, వారానికి ఒక్క కొత్తది మాత్రం నీ ఇష్టం" అనండి. చీటీ తర్వాత ఎక్కువ పనిచేసింది ఇదే.

*ఏకాదశి, పౌర్ణమి తప్పు చెబుతోంది.* తిథులు దాన్ని అడగొద్దు. గోడ మీద క్యాలెండర్ చూసి "11వ తేదీ ఉపవాసం" అని మీరే చెప్పండి.

*చాట్ పొడవయ్యేకొద్దీ శనివారం నియమం మర్చిపోతోంది.* అట్లాగే అవుతుంది. కొత్త చాట్ తెరిచి, చీటీ, ఖాయమైన మెనూ రెండూ అతికించి అక్కడి నుంచి సాగండి.

*ఇంట్లోవాళ్లు ప్లాన్‌కి ఒప్పుకోవడం లేదు.* దీనికి ఏ యాప్ లేదు. మా అత్త మొదటి రెండు వారాలు "ఫోన్ చెప్తే వండతావా, నేను చెప్తే వండవా?" అంది. ఇప్పుడు నలభై వంటల జాబితా ఆమెతోనే చెప్పిస్తున్నాను. మూడు పేర్లు నాకు అసలు తెలియనివి వచ్చాయి.

10. వారం మధ్యలో మారితే

మారుతుంది. చుట్టాలొస్తారు, గ్యాస్ అయిపోతుంది, గుడి నుంచి ప్రసాదం పులిహోర వచ్చి రాత్రి వంట అక్కర్లేకుండా పోతుంది. మెనూ మొత్తం మళ్లీ వేయించకండి. ఆ ఒక్క పూట చెప్పండి:

"ఈ రాత్రికి ముగ్గురు చుట్టాలు వస్తున్నారు, మొత్తం 8 మంది. ఇంట్లో కందిపప్పు, 12 గుడ్లు, ఉర్లగడ్డలు కిలో, టమాటాలు అర కిలో ఉన్నాయి. బజారుకు వెళ్లను. గంటలో అయ్యేట్టు చెప్పు. రేపటి తోటకూర ముట్టుకోవద్దు."

వారం చివర కాగితం మీద తిన్నవాటికి టిక్కు పెట్టి, మిగిలినవాటి పక్కన కారణం రెండు మాటల్లో రాయండి: "టైం చాలలేదు", "బాబు తినలేదు", "దొరకలేదు". వచ్చే ఆదివారం చీటీ కింద ఆ మాటలే అతికించండి. మా చీటీ ఇప్పటికి నాలుగుసార్లు మారింది. చివరగా కలిపిన వాక్యం: "గురువారం సాయంత్రం కరెంటు పోతూ ఉంటుంది, ఆ రోజు గ్రైండర్ పని పెట్టకు."